భ ఎందుకు బ అయింది



నారళీ పున్నమి సంచిక వచ్చి రెండు నెలలు కావస్తోంది. దానిలోని తప్పుల గురించి మన గ్రూపులో నడిచిన మాటలన్నీ చదివాం. "కాకకు వయసు మీద పడ్డది, ఇంక విడిచిపెట్టమనండి" అని ఒకరు. "పక్షవాతం వచ్చినంక మెదడుల అక్షరాలు కలిసిపోతయి, పాపం ఆయనను ఏమనకండి" అని ఇంకొకరు. రెండోది దయతో అన్నదే. కాక ఇంట్లో మాత్రం మొదటిదానికన్నా అదే ఎక్కువ నొప్పించింది. దసరా సంచిక ఇంకా ఎందుకు రాలేదని కూడా అడుగుతున్నారు. పత్రిక కంప్యూటర్ పని చూసే మేం ముగ్గురం అన్నిటికీ కలిపి ఒక్క జవాబు ఇవ్వాలి. ఆ తప్పులు కాకవి కావు, మావి. ఎట్లా మావో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది.

కాక అంటే ఎవరో సోలాపూర్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పుణె, భివండి వెళ్లిపోయిన పిల్లల కోసం రెండు మాటలు. చిన్నప్పుడు తండ్రితో గుంట మగ్గం మీద కూర్చున్నారు. తర్వాత పవర్‌లూమ్ కార్ఖానాలో లెక్కలు రాశారు. రిటైరయ్యాక మన పత్రిక టైపింగ్ తన నెత్తిన వేసుకున్నారు. ఉగాది, నారళీ పున్నమి, దసరా, సంక్రాంతి, ఏడాదికి నాలుగు సంచికలు. పెళ్లి సంబంధాలు, చదువుల బహుమతులు, మార్కండేయ రథోత్సవం వివరాలు, పోయినవాళ్ల పేర్లు, అన్నీ ఆయన చేతి మీదుగానే వచ్చాయి. పోయిన కార్తీకంలో కుడి పక్క పడిపోయింది. మాట మూడు నెలలకు తిరిగి వచ్చింది. కాలు సగం వచ్చింది. చెయ్యి రాలేదు. ఉగాది సంచిక బయట చేయించాం.

ఉగాది అయిన వారం రోజులకు కాక దగ్గరి నుంచి ఒక ఫైల్ వచ్చింది. దానిలో నాలుగైదు మాటలే ఉన్నాయి. అమ్మ, నాన్న, అన్న, అవ్వ, మామ. మాకు గుండె జారింది. మనిషి చిన్నపిల్లాడయిపోయాడా అనుకున్నాం. ఇంటికి పరుగెత్తితే ఆయన నవ్వుతున్నారు. "ఎడమ చేతికి గవే వస్తున్నయి రా. మిగతయన్ని అవతలి ఒడ్డున ఉన్నయి."

అప్పుడు కూర్చుని చూశాం. కాక కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిగా ప్రభుత్వం తెచ్చింది. తెలుగులో క ఏ కీ మీద ఉందో మరాఠీలో, కన్నడలో కూడా క ఆ కీ మీదే ఉంటుంది. మన ఊరివాళ్లకు అది ఎంత సులువో వేరే చెప్పక్కర్లేదు. దాని అమరిక చూడండి. గుణింతం గుర్తులు దాదాపు అన్నీ ఎడమ చేతి వైపు, హల్లులు దాదాపు అన్నీ కుడి చేతి వైపు. రెండు చేతులూ మార్చి మార్చి పడతాయి, వేగం వస్తుంది. మామూలు మనిషికి అది గొప్ప సౌకర్యం. కుడి చెయ్యి పోయిన మనిషికి దీర్ఘాలు, కొమ్ములు, ఏత్వాలు అన్నీ మిగిలాయి గాని వాటిని తగిలించడానికి అక్షరాలు లేవు. ఎడమ వైపు కింది వరుసలో మ, న, వ మాత్రం ఉన్నాయి. అచ్చులు దాదాపు అన్నీ షిఫ్ట్‌తో ఎడమ వైపే వస్తాయి. అందుకే అమ్మ, నాన్న, అవ్వ. తాత అని కొట్టాలంటే కుడి చెయ్యి కావాలి.

ఇంగ్లీషు టైపింగ్‌లో దీనికి ఒక పాత ఉపాయం ఉంది. కెనడాలో ఎడ్గర్ మాటియాస్ అనే ఆయన, ఇంకో ఇద్దరు కలిసి 1993లో దీని మీద ఒక పరిశోధన పత్రం వేశారు. కీబోర్డును మధ్యలో మడిచినట్టు అనుకోండి. స్పేస్ బార్ నొక్కి పట్టి ఎడమ వైపు కీ నొక్కితే, కుడి వైపు దానికి అద్దంలో జోడీగా ఉన్న కీ పడుతుంది. ఎఫ్‌కు జె జోడీ, డికి కె జోడీ, ఎస్‌కు ఎల్. రెండు చేతుల్లోనూ అదే వేలు కాబట్టి కొత్తగా నేర్చుకునేది తక్కువ. కుడి చూపుడు వేలికి తెలిసిన పని ఎడమ చూపుడు వేలికి తొందరగా పట్టుబడుతుంది. ఆటోహాట్‌కీ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. ఏ కీ నొక్కితే ఏది జరగాలో దానిలో మనమే రాసుకోవచ్చు. మా ముగ్గురిలో ఒకరికి ఆఫీసులో దానితో పరిచయం. ఒక్క ఆదివారంలో అయిపోతుందనుకున్నాం.

మొదటి దెబ్బ ఆ ఆదివారమే తగిలింది. పాత ఉదాహరణలు చూసి రాసిన స్క్రిప్టును కాక కంప్యూటర్‌లో పెడితే మొదటి వరుసలోనే తప్పంది. 2022 డిసెంబరులో ఆ ప్రోగ్రాం రెండో వెర్షన్ వచ్చింది, దానిలో రాసే పద్ధతే వేరు. సరిచేశాం. తర్వాత స్పేస్ పట్టి ఎఫ్ నొక్కితే ర రావాలి కదా, తెలుగు మాట మధ్యలో ఇంగ్లీషు జె అక్షరం ఊడిపడింది. మేం "జె పంపు" అని రాశాం. ప్రోగ్రాం దాన్ని అక్షరంగా తీసుకుంది. తెలుగు కీబోర్డులో జె అనే అక్షరం లేదు కాబట్టి ఆ అక్షరాన్నే నేరుగా తెచ్చి పెట్టింది. మాకు కావలసింది జె అక్షరం కాదు, జె ఉన్న చోటు. ప్రతి కీకి దాని చోటును బట్టి స్కాన్ కోడ్ అని ఒక నంబరు ఉంటుంది. పేర్లన్నీ తీసేసి ఆ నంబర్లు రాశాం. ర వచ్చింది. క వచ్చింది. డ, ట లకు ఎడమ వైపు జోడీ అక్షరాలు లేవు కాబట్టి ట్యాబ్‌ను, క్యాప్స్ లాక్‌ను వాటికి ఇచ్చాం.

కాక మొదట కొట్టిన మాట "అక్క". ఆ మాట ఎంత చిత్రంగా కుదిరిందో చూడండి. షిఫ్ట్‌తో డి అంటే అ. స్పేస్‌తో డి అంటే క. ఉత్త డి అంటే పొల్లు. మళ్లీ స్పేస్‌తో డి అంటే క. మాట మొత్తం ఒక్క కీ మీద వచ్చేసింది. చిన్నమ్మ చాయ్ పెట్టింది. మేం చేతులు దులుపుకుని వచ్చేశాం.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. మేం ఏం పరీక్షించామో తర్వాత గుర్తు చేసుకుంటే సిగ్గేసింది. అక్క, తాత, పప్పు, రొట్టె, మగ్గం, చాదర్. మన ఇళ్లలో ఒత్తు అక్షరం పలికేదెవరు? భాషను బాస అంటాం, ధర దర అవుతుంది. మా నోటికి వచ్చిన మాటలే పరీక్ష పెట్టాం. ఒక్క భ, ఒక్క థ కొట్టి చూడలేదు.

నారళీ పున్నమి సంచిక టైపింగ్ మొదలైంది. ప్రూఫ్ తీస్తే పేజీ నిండా తప్పులు. శుభలేఖ "సుబలేక" అయింది. స్వర్గస్థులు "స్వర్గస్తులు" అయ్యారు. పెళ్లి "పెల్లి" అయింది. కొన్ని మాటల మధ్యలో ఊరికే కామాలు పడ్డాయి. భాష అని ఉండవలసిన చోట బా రాసి కామా. ప్రూఫ్ మీద కాక ఎడమ చేత్తో వంకర గీతలు గీసి అన్నీ దిద్దారు. "నేను భ నే కొట్టిన బిడ్డా" అన్నారు. మేం తలలు ఊపాం. నమ్మలేదు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాట అంత శుభ్రంగా తిరిగి వచ్చినా లోపల అక్షరాలు ఇంకా కుదురుకోలేదేమో అనుకున్నాం. తప్పు ఎవరిదని మేం అడగను కూడా అడగలేదు. పక్షవాతం వచ్చిన మనిషి ఒకవైపు, మేం రాసిన ప్రోగ్రాం ఒకవైపు ఉంటే అనుమానం మనిషి మీదికి పోయింది.

రథోత్సవం రోజుకు సంచిక చేతిలో ఉండాలి. దిద్దినవి దిద్దాం, మిగిలినవి మిగిలాయి. మిగిలినవాటిలో ఒకటి శ్రద్ధాంజలి పేజీలో ఒక పెద్దాయన పేరు. ఆ పేరులోని భ బ గానే అచ్చయింది. ఆ ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళితే వాళ్లమ్మాయి ఒక్కటే మాట అంది. "బతికున్నన్నాళ్లు రేషన్ కార్డుల తప్పు, పోయినంక మన పత్రికల తప్పు. మా నాయిన పేరు సక్కగ ఎవరు రాస్తరు?" ఆ ఇంట్లో కూడా మేం కాక ఆరోగ్యం గురించే చెప్పి వచ్చాం. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

ఆ తర్వాత జరిగిన కమిటీ సమావేశం మీలో కొందరికి తెలుసు. టైపింగ్ పని బయటికి ఇద్దామని అందరూ అన్నారు. మేమూ కాదనలేదు. కాకకు ఆ సంగతి చెప్పే పని మా మీద పడింది. వెళ్లాం. ఆయన మా మాట పూర్తిగా విని, సంచిక తీసి మా ముందు పెట్టి అడిగారు. "నాకు ఒత్తు అక్షరం పోయిందంటున్నరు. మంచిది. మరి గణపతిల ణ ఎట్ల సక్కగ వచ్చింది? కల్యాణంల ణ? పుస్తకం మొత్తంల ఒక్క ణ అన్న న అయిందా చూడుండ్రి."

చూశాం. ఒక్కటీ తప్పలేదు. అచ్చులూ తప్పలేదు. అ, ఆ, ఇ, ఈ, అన్నీ షిఫ్ట్‌తో వచ్చేవే. తప్పినవి ఖ, ఘ, ఛ, థ, ధ, భ, శ, ష, ళ. వీటన్నిటికీ షిఫ్ట్ కావాలి. ణ కీ మాత్రం ఎడమ వైపు ఉంది. తప్పినవన్నీ అవతలి ఒడ్డువి, స్పేస్ పట్టి తెచ్చుకునేవి. రోగం మనిషిదయితే ఎడమ కుడి చూసుకుని అక్షరాలను పట్టుకుంటుందా? కామాల సంగతి కూడా అక్కడే తేలింది. ష కామా కీ మీద షిఫ్ట్‌తో వస్తుంది. షిఫ్ట్ పోతే మిగిలేది కామా.

అంటే కాక షిఫ్ట్ నొక్కుతున్నారు, మా స్క్రిప్టే మధ్యలో దాన్ని ఊడబీకుతోంది. ఆటోహాట్‌కీలో నొక్కిన కీల చరిత్ర చూపించే కిటికీ ఒకటి ఉంది. చివరి 40 నొక్కులూ విడవడాలూ, ఒక్కోదాని మధ్య ఎంత సమయం గడిచిందో వరుసగా చూపిస్తుంది. (చూసిన తర్వాత మూసేయండి. పాస్‌వర్డు కొట్టినా అందులో కనిపిస్తుంది.) కాకను భ కొట్టమన్నాం. షిఫ్ట్ కిందికి, స్పేస్ కిందికి, టి కిందికి, అంతా ఆయన చెప్పినట్టే ఉంది. ఆ వెంటనే ఆయన వేలు తియ్యకుండానే షిఫ్ట్ పైకి. ఆ వరుస ప్రోగ్రాం పంపినదని పక్కనే గుర్తు ఉంది.

కారణం ఆ ప్రోగ్రాం మంచితనమే. మనం ఏదైనా పంపమన్నప్పుడు షిఫ్ట్, కంట్రోల్ లాంటివి నొక్కి ఉంటే పంపేది పాడవుతుందని ముందు వాటిని వదిలించి, పంపి, మళ్లీ పెడుతుంది. అది మామూలుగా మేలే. మాకు ఆ మేలు వద్దు. దానికి "బ్లైండ్" అని ఒక మాట ఉంది. పంపే ప్రతిదాని ముందు అది పెడితే, నొక్కి ఉన్నవాటిని చూడనట్టు వదిలేస్తుంది. ఆ మాట ఇరవై వరుసల్లో చేర్చడానికి పది నిమిషాలు పట్టలేదు. కాక భ కొట్టారు. భ వచ్చింది. మళ్లీ కొట్టారు. స్క్రీన్ మీద ఒక వరుస నిండా భ లు. ఆయన ఏమీ అనలేదు. మేమే అన్నాం, "తప్పయింది కాకా" అని. "సరే గని, శ చూడుండ్రి" అన్నారు.

నోట్‌ప్యాడ్‌లో అంతా బాగుంది. పేజీలు కట్టే ప్రోగ్రాం తెరిస్తే స్క్రిప్టు అసలు పనిచేయదు, స్పేస్ స్పేసే, ఎఫ్ ఎఫ్ఫే. దీనికి రెండు సాయంత్రాలు పోయాయి. ఆ పేజీల ప్రోగ్రాం అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరుచుకునేట్టు ఎవరో ఎప్పుడో పెట్టారు. పై హోదా ప్రోగ్రాం ముందు ఉంటే కింది హోదా స్క్రిప్టుకు కీలు అందనివ్వదు విండోస్. స్క్రిప్టునూ అదే హోదాలో నడిపిస్తే సరిపోయింది. ఎవరికైనా ఇట్లా ఒక చోట పనిచేసి ఇంకో చోట పనిచేయకపోతే ముందు ఇది చూడండి.

ఇంకో చిక్కు మిగిలింది. ఒత్తులు సరే, వేగం పెంచితే మాత్రం అక్క "అకకక" అయ్యేది. కీల చరిత్ర తీస్తే తెలిసింది. ఎడమ బొటనవేలు స్పేస్ మీద నుంచి లేవడం ఆలస్యమవుతోంది. డెబ్బై దాటిన వేలు, ఇన్నాళ్లూ మాట మాటకు ఒకసారి నొక్కినది, ఇప్పుడు అక్షరం అక్షరానికీ దిగి లేవాలి. పొల్లు రావలసిన డి కూడా క అయిపోతుంది. రామ కొడితే ర తర్వాత దీర్ఘం బదులు గ, మ బదులు కామా. పైగా స్పేస్ జోడీ కీ అయినప్పుడు ఉత్త స్పేస్ వేలు లేపిన తర్వాతే పడుతుంది. అంతకుముందే తర్వాతి అక్షరం తాకితే స్పేసూ పోయె, అక్షరమూ మారిపోయె. స్పేస్ బదులు ఇంకో కీ పెట్టి చూశాం. ఒకసారి తట్టి వదిలితే తర్వాతి అక్షరానికే పనిచేసేట్టు రాసి చూశాం. దానికి నొక్కులు రెట్టింపయి, ఒక పేరాకే చెయ్యి అలిసిపోయింది.

దారి కాకే చూపారు. "చేతిది చేతికే ఎందుకు పెడుతున్నరు? కాలు ఉంది కద. మగ్గం మీద చెయ్యి నాడె వేస్తది, కాలు తొక్కుతది. రెండు పనులు చేతితోటే చేయిస్తే ఎవడు నేస్తడు?"

రికార్డింగులు విని టైప్ చేసేవాళ్లు వాడే యూఎస్‌బీ పెడల్ ఒకటి తెప్పించాం. కంప్యూటర్‌కు అది కూడా ఒక కీబోర్డే, ఒకే కీ ఉన్నది. ఎఫ్13 అనే కీ పంపేట్టు పెట్టాం. మామూలు కీబోర్డులో ఎఫ్12 తోనే ఆగిపోతాయి కాబట్టి అది దేనికీ అడ్డం రాదు. స్క్రిప్టులో స్పేస్ ఉన్న చోటల్లా ఎఫ్13 వేశాం. ఎడమ కాలు తొక్కితే అవతలి ఒడ్డు, వదిలితే ఇవతలి ఒడ్డు. స్పేస్ మళ్లీ స్పేస్ అయింది. మొదటి రోజు పెడల్ బండల మీద జారి బల్ల కిందికి పోయింది. కింద పాత చాదర్ ముక్క మడిచి వేశారు చిన్నమ్మ. మూడో రోజుకు కీల చరిత్ర తీస్తే, అక్షరం పడటానికీ కాలు లేవడానికీ మధ్య తేడా బొటనవేలితో పడ్డదానిలో సగం కూడా లేదు. యాభై ఏళ్ల కింద మగ్గం గుంటలోంచి పైకి వచ్చిన కాలు అది.

దసరా సంచిక అందుకే ఆలస్యమైంది. టైపింగ్ అంతా కాకదే. ఇప్పుడు నాలుగో ప్రూఫ్‌లో ఉంది, దీపావళికి ముందే చేతికి వస్తుంది. నారళీ పున్నమి సంచికలో తప్పు పడ్డ ప్రతి పేరు మొదటి పేజీలోనే మళ్లీ సరిగ్గా వేస్తున్నాం. మా జాబితాలో ఇప్పటికి పదకొండు ఉన్నాయి. మీ ఇంటి పేరో, మీ వాళ్ల పేరో తప్పు పడి ఉంటే ఈ ఆదివారం లోపల మాకు పంపండి. చేత్తో రాసి ఫోటో తీసి పంపితే ఇంకా మంచిది, ఏ ఒత్తు ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తుంది. ఆ శ్రద్ధాంజలి ఇంటికి మేం ముగ్గురం నిన్న మళ్లీ వెళ్లి, మొదటిసారి చెప్పనిది చెప్పి వచ్చాం.

స్క్రిప్టు సంఘం ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది. ఒక చెయ్యి పనిచేయని వాళ్లు మీ ఇళ్లలో, మీ వాడల్లో ఎవరున్నా పట్టుకెళ్లవచ్చు. కుడి చెయ్యి ఉండి ఎడమ చెయ్యి లేనివాళ్లకు అద్దాన్ని తిరగేయాలి, అది ఇంకా రాయలేదు. అడిగితే రాస్తాం. ఈసారి పరీక్షకు మాటలు కాక ఇస్తారట.